ఒకే లయపై పెక్కు పాటలు

సంగీతమును వినుట వేఱు, సంగీతమును గూర్చి తెలిసికొనుట వేఱు. వినుటకు చెవులు చాలును. తెలిసికొనుటకు మాత్రము ఆ సంగీతమును పుట్టించిన జనుల స్థితిగతులు, వారి పనిముట్లు, వారి వాడుకలు కొంతవఱకైనను ఎఱుగవలెను. ఈ సంచికలో మేము మా చదువరులకు దూరదేశపు సంగీతపద్ధతి నొకదానిని పరిచయము చేయదలచితిమి. అది జమైకా ద్వీపమునందలి రెగే సంగీతము. ఆ సంగీతమున నొక వింత యాచారము కలదు. ఒక వాద్యబృందము ఒకసారి వాయించి టేపుపై పట్టియుంచిన లయభాగమును తీసికొని, దానిపై నొక గాయకుడు తన పాటను పాడును. కొన్నాళ్లకు వేఱొకడు అదే లయభాగముపై వేఱు మాటలతో, వేఱు వరుసతో మఱియొక పాట పాడును. పదేండ్ల తరువాత మూడవవాడు వచ్చి ఇంకొకటి పాడును. ఇట్లు ఒక్క లయపై పదులకొలది, ఒక్కొక్కప్పుడు వందలకొలది పాటలు వెలువడును. ఆ లయభాగమును వారు తమ పలుకుబడిలో రిడిమ్ అందురు. రిథమ్ అను ఇంగ్లీషు మాట వారి నోట అట్లు మాఱినది.

ఇది వినగానే చదువరులలో కొందఱికి మన పాత పాటల పుస్తకములు జ్ఞప్తికి రావచ్చును. వానిలో పాటకు పైన ఫలానా పాట మట్టు అని వ్రాసియుండును. స్వరము వ్రాసికొను అలవాటు లేనివారికి ఆ యొక్క మాటయే చాలును. తెలిసిన వరుసలో క్రొత్త మాటలు పాడుకొందురు. కవిసభలయందలి సమస్యాపూరణము గూడ జ్ఞప్తికి రావచ్చును. ఇచ్చిన పాదము ఒక్కటియే. పూరించు కవులు పెక్కుమంది. పోలిక మంచిదే గాని అది కొంతదూరము మాత్రమే నడచును. మన మట్టులో మాఱనిది గాత్రపు వరుస. జమైకావారి రిడిమ్‌లో మాఱనిది గాత్రము క్రింద మ్రోగు వాద్యభాగము. గాత్రపు వరుస పాటపాటకును మాఱవలసినదే. అంతియ గాదు, ఆ వాద్యభాగము మరల వాయించినది కాక, తఱచుగా తొలుత పట్టిన ఆ టేపే యైయుండును. ఈ భేదమును మనస్సునం దుంచుకొని ముందునకు సాగుదము.

1. దేశము, జనులు

జమైకా కరేబియన్ సముద్రమునందలి ద్వీపము. దాని వైశాల్యము దాదాపు 11 వేల చదరపు కిలోమీటర్లు. రాజధాని కింగ్‌స్టన్ నగరము. 1655లో ఇంగ్లీషువారు స్పెయినువారినుండి ఆ దీవిని గైకొని, చెఱకుతోటలను విస్తరింపజేసిరి. ఆ తోటలలో పనిచేయుటకై ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారి సంతతియే నేటి జమైకా ప్రజలలో అధికసంఖ్యాకులు. 1838లో వారికి సంపూర్ణ విముక్తి కలిగెను. 1845 మొదలుకొని మన దేశమునుండియు కూలీలు ఆ తోటలకు పోయిరి. 1962 ఆగస్టు 6వ తేదీని ఆ దేశము స్వతంత్రమయ్యెను.

స్వాతంత్ర్యమునకు పూర్వమే కింగ్‌స్టన్ పేదపేటలలో సంగీతము వినుటకు ఒక ఏర్పాటు పుట్టెను. రేడియోగాని గ్రామఫోనుగాని కొనుటకు అచ్చటి పేదలకు శక్తి లేదు. వాద్యబృందమును పిలిపించి నాట్యసభ జరిపించుకొనుటకు అంతకంటెను శక్తి లేదు. అందుచేత కొందఱు వ్యాపారులు నిలువెత్తు లౌడుస్పీకర్లను, రికార్డులను బండ్లపై వేసికొని వచ్చి, ఆరుబయట రాత్రులయందు రికార్డులు మ్రోయించి, ప్రవేశరుసుమును, పానీయముల అమ్మకమును ఆధారముగా జీవించుచుండిరి. ఇట్టి సన్నాహమునకు సౌండు సిస్టము అని పేరు. వీరిలో డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్ అనువారు మిక్కిలి ప్రసిద్ధులు. వీరి నడుమ పోటీ తీవ్రముగా నుండెను. ఎవరియొద్ద క్రొత్త రికార్డు ఉన్నదో వారియొద్దకే జనులు పోవుదురు. మొదట అమెరికా రికార్డులతో జరిగిన ఈ పోటీ, తరువాత తమ దేశపు వాద్యకారులచేతనే రికార్డులు చేయించుటకు దారితీసెను. 1963లో డాడ్ బ్రెంట్‌ఫర్డ్ రోడ్డులో స్టూడియో వన్ అను రికార్డుశాలను తెఱచెను. డ్యూక్ రీడ్ ట్రెజర్ ఐల్ అను శాలను నడిపెను. ఈ రెండు శాలలలో నాడు పట్టిన లయలే నేటికిని గాయకులకు మూలధనముగా నున్నవి.

ఆ వాద్యకారులు ఎచ్చట నేర్చికొనిరి? ఈ ప్రశ్నకు సమాధానము మా విద్యార్థులకు ప్రీతి కలిగింపకపోదు. కింగ్‌స్టన్‌లో 1880లో స్థాపింపబడి, 1890 నుండి సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అను కథోలిక సన్యాసినులచే నడుపబడిన ఆల్ఫా అను సంస్థ కలదు. దిక్కులేని బాలురకును, దారితప్పిన బాలురకును అచ్చట చదువుతోపాటు బ్యాండు వాద్యములు నేర్పుచుండిరి. ట్రాంబోను వాద్యమున పేరొందిన డాన్ డ్రమండ్, సాక్సఫోను వాయించిన టామీ మెకూక్, లెస్టర్ స్టెర్లింగ్, ట్రంపెటు వాయించిన జానీ మూర్ ఆ పాఠశాలలో పెరిగినవారే. వీరు నలుగురును 1964లో ఏర్పడిన స్కాటలైట్స్ బృందమునందు చేరిరి. ఆ పాఠశాల బాలురను సంగీతమున ప్రోత్సహించిన సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ డేవిస్ 2003లో పరమపదించెను. ఒక పాఠశాల బ్యాండు ఒక దేశపు సంగీతమునకు పునాది యగుట అరుదైన సంగతి.

2. రిడిమ్ అనగా నేమి

రెగే సంగీతమునకు ముందు స్కా, రాక్‌స్టెడీ అను రెండు రీతులు జమైకాలో నడచెను. స్కా వేగము గలది. 1966 ప్రాంతమున వేగము తగ్గి రాక్‌స్టెడీ పుట్టెను. 1968 ప్రాంతమున అది రెగేగా పరిణమించెను. వేగము తగ్గినకొలది వాద్యముల నడుమ ఎడము పెరిగెను. ఆ యెడములో బేసు గిటారు స్పష్టముగా వినబడజొచ్చెను. రిడిమ్‌నకు ప్రాణము ఈ బేసు గిటారు, డ్రమ్ములు అను రెండే. తక్కినవి వానికి అలంకారములు.

నాలుగు మాత్రల యావర్తమును తీసికొందము. మన ఆదితాళములో మొదటి మాత్రపై దెబ్బ వేసి ఆరంభింతుము. రెగేలో ఎక్కువగా వాడబడు వన్ డ్రాప్ అను వాయింపులో డ్రమ్ము వాయించువాడు ఆ మొదటి మాత్రను శూన్యముగా విడుచును. అతని బలమైన దెబ్బ మూడవ మాత్రపై పడును. గిటారుగాని పియానోగాని రెండవ, నాలుగవ మాత్రలపై పొట్టిగా, తెగగొట్టినట్లు మ్రోగును. బేసు గిటారు వీనినన్నిటిని కలుపుచు ఒక చిన్న పలుకును మరల మరల పలుకును. ఆ పలుకు రెండు, లేదా నాలుగు ఆవర్తముల పొడవుండును. పాట ముగియువఱకు అది మాఱదు. బాబ్ మార్లే బృందమున డ్రమ్ములు వాయించిన కార్ల్‌టన్ బ్యారెట్ ఈ వాయింపునకు ప్రసిద్ధుడు.

ఇట్టి లయపై పాటను కట్టుట సులభమని తోచవచ్చును. నిజమున కది కష్టము. స్వరసముదాయములు తఱచుగా రెండో మూడో మాత్రమే యుండును. వానిలో ఇమిడి, ముందు పాడినవాడు పాడని వరుసను కనుగొనవలెను. బేసు పలుకును కప్పివేయక, దాని ఖాళీలలో తన మాటలను నిలుపవలెను. వినువారికి ఆ లయపై వచ్చిన పూర్వపు పాటలన్నియు కంఠస్థమై యుండును గావున, పోలిక తప్పదు. ఒకే కొలత గల స్థలములో పదిమంది ఇండ్లు కట్టినప్పుడు ఎవరి నేర్పు ఎట్టిదో వెంటనే తెలిసిపోవునట్లు, ఒకే రిడిమ్‌పై పదిమంది పాడినప్పుడు ఎవరి పాట ఎట్టిదో తెలిసిపోవును. నాట్యసభలలో ఒకే రిడిమ్‌పై గల పాటలను ఒకదానివెంట నొకటి ఎడతెగక వేయుట నేటికిని వాడుక.

3. గాత్రము లేని రికార్డు

ఈ యాచారము ఎట్లు మొదలయ్యెను? మొదటి కారణము యంత్రము. తొలినాళ్లలో టేపుపై నొక్క బాటయే యుండెను. గాయకుడు, వాద్యకారులు కలిసి పాడి వాయింపవలెను. ఒకరు తప్పినచో అందఱును మరల మొదలిడవలెను. రెండు బాటల టేపు వచ్చిన పిదప వాద్యములను ఒక బాటపై, గాత్రమును వేఱొక బాటపై పట్టుట సాధ్యమయ్యెను. అప్పుడు గాత్రమును తీసివైచి వాద్యములను మాత్రము వినవచ్చును; వానిపై క్రొత్త గాత్రమును చేర్పవచ్చును.

రెండవ కారణము ఒక చిన్న పొరపాటని చెప్పుదురు. 1968 ప్రాంతమున స్పానిష్ టౌన్ పట్టణపు సౌండు సిస్టము యజమాని రడీ రెడ్‌వుడ్ డ్యూక్ రీడ్ శాలనుండి పారగాన్స్ బృందమువారి యొక పాటను తన సభకై ప్రత్యేకముగా కోయించుకొనెను. కోసినవాడు గాత్రపు బాటను చేర్చుట మఱచెను. రెడ్‌వుడ్ ఆ రికార్డును పాఱవేయక, మొదట గాత్రముగల రికార్డును, వెంటనే గాత్రము లేనిదానిని సభలో వేసెను. జనులందఱును ఆ వాద్యముపై తామే గొంతెత్తి పాడిరట. అటుతరువాత రికార్డుల వెనుకప్రక్కను గాత్రము లేని లయను ముద్రించుట దేశమంతట అలవాటయ్యెను. దానికి వెర్షన్ అని పేరు.

వెర్షన్ పుట్టగానే దానిపై మాటలు చెప్పువారు పుట్టిరి. సభలో రికార్డులు వేయువాడు నడుమనడుమ మైకులో లయబద్ధముగా మాటలాడి జనులను ఉత్సాహపఱచుట పూర్వమునుండి కలదు. యూ రాయ్ అను పేర ప్రసిద్ధుడైన ఎవార్ట్ బెక్‌ఫర్డ్ 1970లో డ్యూక్ రీడ్ పాత లయలపై ఇట్లు మాటలు చెప్పి రికార్డులు చేసెను. వానిలో మూడు ఒకేకాలమున జమైకా పాటల పట్టికలో మొదటి మూడు స్థానములను ఆక్రమించెను. రికార్డు మ్రోయించువాడు తానే కళాకారుడయ్యెను. మఱియొక వైపున, రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేయు వృత్తిగల కింగ్ టబ్బీ, అనగా ఆస్బర్న్ రడాక్ (1941–1989), లయలోని వాద్యములను ఒకదానివెంట నొకటి తీసివైచుచు, మరల చేర్చుచు, ప్రతిధ్వనులు కల్పించుచు డబ్ అను క్రొత్త విద్యను తీర్చిదిద్దెను. 1974లో రూపీ ఎడ్వర్డ్స్ అనునతడు ఒకే లయపై గల పాటలతోనే ఒక పెద్ద రికార్డును నింపి యమహా స్కాంక్ అను పేర వెలువరించెను. దాని లయ 1968లో యునీక్స్ బృందము పాడిన పాటనుండి గైకొనబడినది. ఒకే రిడిమ్‌తో కూర్చిన సంపుటములలో దీనినే మొదటిదిగా ఎన్నుదురు.

4. మూలముల పాట

1970 దశకమున రెగే పాటలలో నొక శాఖకు రూట్స్ అని పేరు వచ్చెను. అనగా వేళ్ల పాట, మూలముల పాట. దీని భావములు చాలవఱకు రాస్టఫారీ మతమునుండి వచ్చినవి. 1930లో ఇథియోపియా చక్రవర్తిగా హైలీ సెలాసీ కిరీటము ధరించిన పిదప జమైకా పేదలలో నా మతము పుట్టెను. తమ పూర్వుల నేలయైన ఆఫ్రికాపై మమకారము, బానిసత్వపు జ్ఞాపకము, పేదల ఆకలి, న్యాయముకొఱకు మొఱ, ఇవి ఆ పాటల విషయములు. బైబిలునందలి బబులోను, సీయోను అను మాటలను వారు తమ కాలపు అన్యాయమునకును, తమ ఆశకును గుర్తులుగా వాడుకొనిరి.

ఈ శాఖలో రిడిమ్ పద్ధతి ఎంత ఫలించెనో రెండు నిదర్శనములు చూతము. 1969లో అబిసీనియన్స్ అను ముగ్గురు గాయకుల బృందము స్టూడియో వన్‌లో సట్టా మసగానా అను పాటను పాడెను. పేరులోని మాటలు ఇథియోపియావారి అమ్హారిక్ భాషనుండి వచ్చినవి. ఆ పాటకు గిరాకీ యుండదని తలచి డాడ్ దానిని వెలువరింపలేదు. గాయకులు ఆ టేపును తామే కొని, 1971లో క్లించ్ అను తమ సొంత ముద్రతో విడుదల చేసిరి. అది రూట్స్ పాటలలో తలమానికమయ్యెను. బిగ్ యూత్, డిలింజర్ మున్నగువారు అదే లయపై తమ తమ పలుకులను చెప్పిరి. అమ్ముడుపోదని మూలనుంచిన లయయే అనేకులకు ఆధారమయ్యెను.

రెండవది రియల్ రాక్ అను లయ. దీనిని 1960 దశకము చివర స్టూడియో వన్‌లో సౌండ్ డైమెన్షన్ అను బృందము గాత్రము లేకయే వాయించెను. పదేండ్ల తరువాత విల్లీ విలియమ్స్ దానిపై ఆర్మగిడియన్ టైమ్ అను పాటను పాడెను. ఆకలిని, అన్యాయమును గూర్చిన ఆ పాటను 1979లో ఇంగ్లండునందలి క్లాష్ అను రాక్ బృందము తిరిగి పాడెను. నాట్యముకొఱకు పుట్టిన వాయింపు, మాటల బలముచేత పేదల మొఱగా మాఱినది. అట్లే 1978లో షుగర్ మైనాట్ అను యువకుడు స్టూడియో వన్‌నందలి పాత లయలపై క్రొత్త పాటలు కూర్చి లివ్ లవింగ్ అను సంపుటమును వెలువరించెను. వాద్యబృందమునకు చెల్లింప సొమ్ము లేని పేదపేటల యువకులకు ఇది తెఱచిన తలుపువంటిదయ్యెను. చేతిలో చిల్లిగవ్వ లేకున్నను, గొంతును, చెప్పవలసిన మాటయు నున్నచో లయ సిద్ధముగా నుండెను.

5. ఒక లయ యొక్క వంశవృక్షము

ఇప్పుడు ఒక లయను పట్టుకొని దాని సంతతిని లెక్కింతము. 1967లో ఆల్టన్ ఎల్లిస్ స్టూడియో వన్‌లో ఐయామ్ స్టిల్ ఇన్ లవ్ అను ప్రేమగీతమును పాడెను. పదేండ్ల పిదప జో గిబ్స్ అను నిర్మాత ఆ లయను తన వాద్యకారులచే క్రొత్తగా వాయింపజేసి, మార్సియా ఐట్‌కెన్ అను గాయనిచే ఆ పాటనే పాడించెను. ఆ క్రొత్త లయపై ట్రినిటీ అను డీజే, అనగా మాటల కళాకారుడు, తన మూడు భాగముల సూటును పొగడుకొనుచు ఒక రికార్డు చేసెను. అది విని ఆల్తియా ఫారెస్ట్, డోనా రీడ్ అను ఇద్దఱు బాలికలు, అప్పటికింకను ఇరువదేండ్లు నిండనివారు, తమ వేషభాషలను మెచ్చుకొనుచు అదే లయపై అప్‌టౌన్ టాప్ ర్యాంకింగ్ అను ఎదురుపాటను పాడిరి. ఆ యెదురుపాట 1978 ఫిబ్రవరిలో బ్రిటిషు పాటల పట్టికలో మొదటి స్థానము నందెను.

ప్రేమగీతము తాత, దర్జావేషపు పలుకు తండ్రి, బాలికల ఎదురుపాట మనుమరాలు అనదగును. వీనిలో ఏ రెండింటి మాటలును ఒకటి కావు. నలుగురిని కలుపునది క్రింది లయ యొక్కటియే. ఒక పాట మఱియొక పాటకు జవాబు చెప్పుట ఈ పద్ధతిలోని విశేషము. గ్రామములలో జట్లుగా నిలిచి ఒకరికొకరు పాటతో బదులు చెప్పుకొనుట మన మెఱిగినదే. అచ్చట ఆ జట్ల నడుమ పదేండ్లును, సముద్రములును ఉండవచ్చును.

6. యంత్రపు లయ

1985లో మఱియొక మలుపు వచ్చెను. జపానుదేశపు కాసియో సంస్థ ఎమ్‌టీ 40 అను చిన్న విద్యుద్వాద్యమును అంతకుముందు కొన్నేండ్లక్రిందటనే అమ్మకమునకు తెచ్చియుండెను. దానిలో మీట నొక్కినంతనే తనంతట మ్రోగు లయలు కొన్ని యుండెను. వానిని కూర్చినది హిరోకో ఒకుడా అను యువతి. నోయెల్ డేవీ, వేన్ స్మిత్ అను ఇద్దఱు జమైకా యువకులు ఆ యంత్రములో నొక లయను కనుగొని జామీ అను నిర్మాతయొద్దకు కొనిపోయిరి. అతడు దాని వేగమును తగ్గించి, వేన్ స్మిత్‌చే దానిపై పాడించెను. అదియే స్లెంగ్ టెంగ్ రిడిమ్. 1985 ఫిబ్రవరి 23వ తేదీని ఒక సౌండు సిస్టముల పోటీలో అది మ్రోగినది మొదలు దానిపై వందలకొలది పాటలు వచ్చెను.

దీనివలన లాభనష్టములు రెండును కలిగెను. స్టూడియోకు పోలేని యువకుడును చిన్న యంత్రముతో లయను కల్పింపగలిగెను. అయితే డ్రమ్ములను, బేసు గిటారును జీవనాధారముగా గొన్న వాద్యకారులకు పని తగ్గెను. ఆల్ఫా పాఠశాల బ్యాండునుండి మొదలైన చేతి వాయింపునకు మీట యొకటి పోటీ వచ్చెను. యంత్రయుగపు లయలలో మన దేశపు పేరొకటియు కలదు: 2002 ప్రాంతమున స్టీవెన్ మార్స్‌డెన్ కూర్చిన లయకు దీవాళీ అని పేరు. దానిపై షాన్ పాల్ పాడిన పాట 2003లో అమెరికా పట్టికలో మొదటిదయ్యెను.

7. సొత్తు ఎవరిది?

ఇంతవఱకు చెప్పినది విన్నవారికి ఒక ప్రశ్న తోచకపోదు. లయను వాయించినవాడొకడు, వాయింపజేసి టేపును దాచుకొన్నవాడొకడు, దానిపై పాడినవాడొకడు. సొమ్ము ఎవరికి చెందవలెను?

నాటి కింగ్‌స్టన్ శాలలలో వాద్యకారులకు పాటకింత యని కూలి యిచ్చి పంపుట వాడుక. ఆ లయ తరువాత ఎన్ని పాటలకు ఆధారమైనను వారికి మరల పైకము ముట్టెడిది కాదు. 1993లో జమైకా తన సొంత గ్రంథస్వామ్య చట్టమును చేసికొనువఱకు 1911 నాటి బ్రిటిషు చట్టమే అచ్చట నడచెను. పాటను వ్రాసినవానిని గుర్తించునట్టి చట్టము, బేసు పలుకును కల్పించినవానిని సులభముగా గుర్తింపలేదు. ఆ పలుకు లేనిదే లయ లేదు. లయ లేనిదే పాట లేదు.

సిస్టర్ నాన్సీ అను కళాకారిణి చరిత్ర దీనికి తగిన నిదర్శనము. ఆమె 1982లో బామ్ బామ్ అను పాటను పాడెను. దాని లయ 1973లో విన్‌స్టన్ రైలీ నిర్మాతగా ఆన్సెల్ కాలిన్స్ వాయించిన స్టాలాగ్ అనునది. పల్లవి 1966లో మేటల్స్ బృందము జమైకా ఉత్సవ పోటీలో గెలిచిన పాటను తలపించును. ఆమె పాట లోకమంతట ప్రాకెను; సినిమాలలో, ఇతరుల పాటలలో వినబడెను. ముప్పదేండ్లకు పైగా ఆ పాటవలన తనకు పైకమేమియు ముట్టలేదని ఆమెయే చెప్పియున్నది. అమెరికాలో బ్యాంకు ఉద్యోగము చేసికొనుచు ఆమె జీవించెను. 2014లో ఒక వ్యాపారప్రకటనలో తన గొంతును విన్న పిదప న్యాయవాదులను ఆశ్రయించి, ఆ పాట హక్కులలో సగపాలు పొందెను. ఇందు గమనింపవలసిన దేమనగా, ఆమెకు న్యాయము జరిగినది, మేలే. అయినను ఆమె పాట క్రిందనున్న లయను వాయించినవారి మాట, పల్లవిని మొదట పలికినవారి మాట మిగిలియే యున్నది.

కొందఱందురు: లయ అందఱి సొత్తుగా నుండుటచేతనే ఆ చిన్న ద్వీపము ఇంత సంగీతమును సృష్టింపగలిగెను, ప్రతి లయకును అనుమతిపత్రము, రుసుము కావలసియున్నచో పేద యువకుడు నోరు విప్పకయే యుండును. మఱికొందఱందురు: పంచుకొనుట యను మంచిమాట చాటున బలవంతుడు బలహీనుని కష్టమును మ్రింగుచున్నాడు, లయ యందఱిదైనచో లాభము కొందఱిదే ఏల కావలెను? రెండింటియందును సత్యము కలదని మా యభిప్రాయము. పాడుటకు తలుపు తెఱచియుండుట వేఱు, పాడినపిదప వచ్చిన సొమ్మును పంచుట వేఱు. మొదటిదానిని ఎంత విశాలముగా నుంచినను నష్టము లేదు. రెండవదానిలో లెక్క సరిగా నుండవలెను. వాద్యకారుల పేర్లను రికార్డులపై అచ్చొత్తుట, రాబడిలో పాలు వ్రాతమూలముగా నిర్ణయించుట, ఈ రెండు పనులు పాటల ప్రవాహమును అడ్డవు. పేరు వ్రాయుటకు సిరా తప్ప మఱేమి ఖర్చు?

8. వినుటకు అభ్యాసము

చదివినంతమాత్రమున సంగీతము తెలియదు. కావున మా విద్యార్థులకు ఒక అభ్యాసమును సూచించుచున్నాము. మొదట రియల్ రాక్ వాయింపును గాత్రము లేకుండ వినుడు. చేతితో నాలుగు మాత్రలు లెక్కించుచు, బేసు పలుకు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో గుర్తింపుడు. దానిని నోటితో పలుకగలిగినపిదప, ఆర్మగిడియన్ టైమ్ పాటను వినుడు. గాయకుడు ఏ ఖాళీలో ప్రవేశించినాడో, ఎచ్చట ఊరకున్నాడో కనిపెట్టుడు. తరువాత ఆల్టన్ ఎల్లిస్ ప్రేమగీతమును, బాలికల ఎదురుపాటను వెంటవెంట వినుడు. మాఱినదేది, మాఱనిదేది అని రెండు వరుసలుగా వ్రాసికొనుడు. ఇట్లు నాలుగు పాటలను శ్రద్ధగా విన్నవానికి, పరాకుగా విన్న నలువది పాటలకంటె ఎక్కువ తెలియును.

2018 నవంబరులో ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో సంస్థ జమైకా రెగే సంగీతమును మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చెను. రేడియో కొనలేని జనులు ఆరుబయట వినిన సంగీతము అంతటి గౌరవము నందెను. క్రొత్తదనమనగా అన్నిటిని మొదటినుండి కల్పించుటయే యని తలచు విద్యార్థులు ఈ చరిత్రను మనస్సున నుంచుకొందురుగాక. ముందున్నవారు వేసిన లయపై నిలిచి, వారు చెప్పని మాటను చెప్పుటయు సృష్టియే. అయితే ఆ లయను వేసిన చేతులు ఎవరివో అడిగి తెలిసికొనుటయు, వారి పేరు చెప్పుటయు, వారి పాలు వారికి చేర్చుటయు పాడువాని విధి. ఆ విధిని జమైకావారు ఇప్పుడిప్పుడే నేర్చుచున్నారు. మనమును మన పాటల విషయమున నేర్వవలసియే యున్నది.